ఇమిగ్రేషన్ మాటెత్తితే "నువ్వు లెఫ్టా, ట్రంప్ మనిషివా" అంటున్నారు. గొడవ లేకుండా మాట్లాడటం ఎలా?

అమెరికాలో మన తెలుగువాళ్ల మధ్యే ఈ ముద్రలేమిటని అడిగారు. ముద్ర వేసినవాళ్లలో నేనూ ఒకడిని కాబట్టి చెబుతున్నాను.

డాలస్‌ దగ్గర మా పెద్దమ్మ కొడుకు ఉంటాడు. పౌరసత్వం వచ్చి చాలా ఏళ్లైంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసాలకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించినప్పుడు, "మంచి పనే చేశారు" అన్నాడు. భోజనాల దగ్గర పదిమంది ఉన్నారు. "ఏరు దాటాక తెప్ప తగలేస్తున్నావా అన్నయ్యా? ట్రంప్ భక్తుడివైపోయావు" అన్నాను. ప్లేటు పక్కన పెట్టి లేచిపోయాడు. రెండు నెలలు మాటల్లేవు.

తర్వాత వదిన చెబితే తెలిసింది. 2001లో ఆయన్ని ఒక కన్సల్టెన్సీ తీసుకొచ్చి, గెస్ట్‌హౌస్‌లో ఎనిమిది మందితో పాటు పడేసి, నాలుగు నెలలు జీతం లేకుండా బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు ఇవ్వకుండా ఖాళీగా, ఉంచిందట. బెంచ్‌ మీదున్నా జీతం ఇవ్వాలన్నది రూలు. ఆయన కోపమంతా ఆ దందా మీద. అదే మనిషి, వడగళ్లకు ఇంటి పైకప్పు పోతే ఎండలో వచ్చి వేసిన, కాగితాల్లేని కూలీలకు చట్టబద్ధంగా ఉండే కాగితాలు ఇచ్చేయాలంటాడు. ఇప్పుడాయన్ని ఏ పార్టీలో వేస్తారు?

వలసల విషయంలో పార్టీలే ఎప్పుడూ ఒకే వైపు నిలబడలేదు. 1986లో సుమారు 27 లక్షల మందికి కాగితాలు దక్కిన చట్టం మీద సంతకం చేసింది రీగన్. హెచ్-1బీ తెచ్చిన 1990 చట్టం మీద సీనియర్ బుష్. ఇద్దరూ రిపబ్లికన్లే. వలసలను ఏటా 5.5 లక్షలకు తగ్గించాలని 1995లో సిఫార్సు చేసిన కమిషన్‌కు అధ్యక్షురాలు హ్యూస్టన్‌ డెమొక్రాట్ బార్బరా జోర్డాన్. 2024 డిసెంబరులో హెచ్-1బీ కావాలని టెస్లా అధినేత మస్క్, వద్దని ట్రంప్ మాజీ సలహాదారు బ్యానన్ మాటలతో కొట్టుకున్నారు, ఇద్దరూ ట్రంప్ వైపే ఉండి.

అందుకే ఇప్పుడు ఎవరైనా మొదలుపెడితే "సరే, ఏ రూలు మార్చమంటారు?" అని అడుగుతాను. ఏటా 85 వేల హెచ్-1బీల కోటానా? గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితా? క్యూలో ఎక్కువమంది మనవాళ్లే కాబట్టి ఆ పరిమితి ఎత్తేస్తే మనకు లాభం. కానీ ఆఫీసులో ఒక ఇరానీ సహోద్యోగి, మా వాళ్లు మీ వెనక ఏళ్లకేళ్లు నిలబడాలిగా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, అతనిది ద్వేషమూ కాదు.

అందరితోనూ ఇది పనిచేయదు. "వాళ్లంతా దొంగలు" అనేవాళ్లతో వాదించను, కాఫీ కోసం లేస్తాను. వీసా గడువు దగ్గరపడ్డవాడు గొంతు పెంచితే మాత్రం తప్పు పట్టను. నేను కార్డు జేబులో పెట్టుకుని ప్రశాంతంగా మాట్లాడటం గొప్పేమీ కాదు.

అన్నయ్యకు నేనే ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. ఫీజు మంచిదేనని ఇప్పటికీ అంటాడు. చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్న మా మేనల్లుడికి మొన్న హెచ్-1బీ లాటరీ తగల్లేదని చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "వాడి ఓపీటీ ఎప్పటిదాకా ఉందిరా?"