ఏథెన్స్ మారథాన్‌కి వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

ఏథెన్స్ మారథాన్‌కి పేరు ఇచ్చానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచీ నాకు ఒకటే సంబరంగా ఉంది. ఆ దారిలో పరిగెత్తినవాణ్ణి కాబట్టి నువ్వు అడిగినవీ, అడగనివీ కలిపి రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

ఏథెన్స్ అనగానే కళ్ళముందు కొండమీది పాత కోట అక్రోపొలిస్ మెదులుతుంది. దారి పొడుగునా అలాంటివే ఉంటాయనుకుని వెళ్ళకు. పరుగు ఊరికి ఈశాన్యంగా, సముద్రం దగ్గరున్న మారథాన్ అనే చిన్న పట్నంలో మొదలై ఏథెన్స్ నడిబొడ్డున ముగుస్తుంది. మధ్యలో ఎక్కువ భాగం వెడల్పాటి రోడ్డు, అటూ ఇటూ షాపులు, పెట్రోలు బంకులు, మామూలు ఇళ్ళు. చూడాల్సినవి మొదట్లో కొన్ని, చివర్లో కొన్ని. ఆ మధ్య ఉన్నదంతా ఎక్కుడు దారి. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మర్చిపోయినా పర్వాలేదు కానీ, ఈ ఎక్కుడు సంగతి మాత్రం మర్చిపోకు.

మొదటి 10 కిలోమీటర్లు హాయిగా సాగిపోతాయి. నేయా మాక్రీ దాటాక రోడ్డు మెల్లగా పైకి లేవడం మొదలవుతుంది. రఫీనా, పికేర్మి, పల్లీని, గెరాకస్ మీదుగా దాదాపు 31వ కిలోమీటరు దాకా ఇదే వరస. మధ్యమధ్య కాస్త దిగుడు వచ్చి, అయిపోయిందిలే అనిపించి, మళ్ళీ ఎక్కిస్తుంది. సముద్రమట్టం దగ్గర నుంచి రెండొందల మీటర్ల పైచిలుకు ఎత్తుకు చేరతావు. 2004 ఒలింపిక్స్ మారథాన్ ఇదే దారిలో జరిగింది. అప్పటికి ఆడవాళ్ళ మారథాన్ ప్రపంచ రికార్డు తన పేరు మీదే ఉన్న పౌలా రాడ్‌క్లిఫ్, ఆగస్టు ఎండలో ఈ ఎక్కుడంతా ఎక్కి, 36వ కిలోమీటరు దాటాక ఆగిపోయింది. చూడు, కొండ దిగుతున్నప్పుడు ఆగింది. పైకి ఎక్కేటప్పుడు ఖర్చు పెట్టిన దానికి లెక్క కిందికి దిగేటప్పుడు తేలుతుంది.

కాబట్టి బీచ్ రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు కొట్టినా అది ఒక్కటే చాలదు. మన విశాఖలో ఉన్నందుకు నీకు అదృష్టం కలిసొచ్చింది, కైలాసగిరి ఘాట్ రోడ్డు పక్కనే ఉంది. ఆదివారం లాంగ్ రన్‌లో ముందు బీచ్ రోడ్డు మీద పది, పన్నెండు కిలోమీటర్లు చేసి, కాళ్ళు అలిసిన తర్వాత ఘాట్ ఎక్కు. ఫ్రెష్‌గా ఉన్నప్పుడు ఎక్కడం వేరు, అలిసిపోయి ఎక్కడం వేరు. నీకు అక్కర్లోకొచ్చేది రెండోదే. పైకి వెళ్ళాక ఆటోలో దిగొద్దు. చిన్న చిన్న అడుగులతో, మోకాలు కాస్త వంచి, పరిగెత్తుతూనే దిగు. ఏథెన్స్‌లో చివరి పది కిలోమీటర్లు చాలావరకు దిగుడే. అలవాటు లేనివాళ్ళకి తొడల కండరాలు అక్కడే పట్టేస్తాయి. ఆ చివరి పది సుఖంగా పరిగెత్తగలిగితే చుట్టూ వందలమంది నడుస్తుంటారు, నువ్వు దాటుకుంటూ పోతావు.

టైమ్ గురించి టెన్షన్ పెట్టుకోకు. ఇది రికార్డుల కోసం వెళ్ళే దారి కాదని నా గట్టి అభిప్రాయం. చదునైన చోట నీకు పట్టేదానికంటే పావుగంట, ఇరవై నిమిషాలు ఎక్కువ వేసుకో. 31 దాకా పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగమే ఉంచు. ఊపిరి తెగుతోందంటే వాచీ ఏం చూపించినా సరే, తగ్గించెయ్.

పరుగు నవంబరు రెండో ఆదివారం ఉంటుంది. పొద్దున చలిగా ఉంటుంది, మన ఉక్కపోతకి అలవాటుపడిన ఒంటికి ఇంకా చలనిపిస్తుంది. ఏథెన్స్ నుంచి మారథాన్‌కి తెల్లవారకముందే బస్సుల్లో తీసుకెళ్తారు, అక్కడ చాలాసేపు నిలబడాలి. బ్యాగు ముందే ఇచ్చేస్తావు కాబట్టి, పడేసినా బాధలేని పాత స్వెటర్ ఒకటి వేసుకో. మనకన్నా వాళ్ళ గడియారం మూడున్నర గంటలు వెనక. అంటే మన అయిదు గంటలకి లేచే అలవాటుతో అక్కడ అర్ధరాత్రి ఒంటిగంటన్నరకే మెలకువ వస్తుంది, సాయంత్రం ఏడింటికే నిద్ర ముంచుకొస్తుంది. ఆ నిద్రని ఆపుకోవద్దు, పడుకో. మూడున్నరకి లేవాల్సిన రోజున అదే నీకు మేలు చేస్తుంది.

తిండి విషయంలో ముందురోజు కొత్త ప్రయోగాలు వద్దు. పెరుగు అక్కడ గట్టిగా, అద్భుతంగా ఉంటుంది. కాసిని బియ్యం వండుకునే వీలున్న గది చూసుకుంటే పెరుగన్నంతో గడిచిపోతుంది. దారిలో తినేవేవైనా సరే, జెల్ అయినా ఖర్జూరం అయినా, ఇక్కడ లాంగ్ రన్స్‌లో తిని పడిందని తేలినవే తీసుకెళ్ళు. నీళ్ళు తరచుగా ఇస్తారు. ప్రతిచోటా తాగాలని లేదు. చల్లటి గాలిలో వైజాగ్‌లో తాగినట్టు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి కళ్ళు తిరుగుతాయి.

ఇక నాలుగో కిలోమీటరు దాటాక నిన్ను రోడ్డు మీంచి పక్కకి తిప్పుతారు. అక్కడ గడ్డి పరుచుకున్న ఒక మట్టిదిబ్బ కనిపిస్తుంది. క్రీ.పూ. 490లో పర్షియన్లతో జరిగిన యుద్ధంలో చనిపోయిన ఏథెన్స్ సైనికుల సమాధి అది. 192 మంది అని పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. పరుగు దాని చుట్టూ తిరిగి మళ్ళీ పెద్దరోడ్డెక్కుతుంది. అప్పటిదాకా కేకలు వేసినవాళ్ళు కూడా అక్కడ గొంతు తగ్గిస్తారు, బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఆ తర్వాత ఊళ్ళల్లో ముసలమ్మలు ఇళ్ళముందు నిలబడి ఆలివ్ కొమ్మలు అందిస్తారు. నాకు ఒకామె ఇచ్చిన రెమ్మ ఆకులు పైన ముదురు పచ్చ, కింద వెండిలా ఉన్నాయి. టోపీకి గుచ్చుకున్నాను, చివరిదాకా ఊడలేదు. నీకిస్తే తీసుకో, ఒక్క క్షణం ఆగి తీసుకో.

నీకు ఇంకొకటి చెప్పాలి. 1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లో ఈ దారిలో గెలిచిన స్పిరిడాన్ లూయీస్ పేరు అందరికీ తెలుసు, నీళ్ళు మోసుకుని బతికిన మనిషి. ఆడవాళ్ళని ఆ పోటీలోకి రానివ్వలేదు. స్టమాటా రెవితి అనే పేదరాలు మర్నాడు ఒంటరిగా మారథాన్ నుంచి ఏథెన్స్ దాకా పరిగెత్తింది, దాదాపు అయిదున్నర గంటల్లో. పోటీ ముగిసిన స్టేడియం లోపలికి మాత్రం ఆమెని అడుగు పెట్టనివ్వలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ 1984లో గానీ రాలేదు. నువ్వు పరుగు ముగించేది ఆ స్టేడియంలోనే, అంతా పాలరాయి, గుర్రపు నాడా ఆకారం. అధ్యక్షుడి భవనం వీధిలోంచి దిగి ఒక్కసారిగా లోపలికి మలుపు తిరుగుతావు. ఆ చివరి వంద మీటర్లు ఆమెని తలుచుకుని వెళ్ళమ్మా.

అక్రోపొలిస్ ముందురోజు చూడాలని సరదా పడతావు, వద్దు. ఆ రాళ్ళు నున్నగా అరిగి జారుతాయి, చాలాసేపు కాళ్ళ మీద ఉండాలి. పరుగయ్యాక రెండ్రోజులు ఉండేలా టికెట్ వేసుకో, మంగళవారం తీరిగ్గా ఎక్కు. మెట్లు దిగేటప్పుడు తొడలు పీకుతాయి, రెయిలింగ్ పట్టుకో.

గ్రీసు వెళ్ళడానికి కావాల్సిన షెంగెన్ వీసాకి దరఖాస్తు ఆరునెలల ముందు నుంచే తీసుకుంటారు, ఆలస్యం చెయ్యకు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఈ వారంలో ఘాట్ ఎక్కాక నీ టైము, దిగాక మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాసి పంపు. అది చూసి మిగతా వారాల ప్లాను వేద్దాం.

ఆశీస్సులతో,
నీ మామయ్య