చిట్టీ, ఆ కుందేలుని పక్కన పెట్టు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, అట్లాంటాలో పసిపిల్లలకి వీడియోలూ బొమ్మల పుస్తకాలూ చేసే ఆ చిన్న సంస్థకి నిన్ను బోర్డు ప్రెసిడెంట్‌ని చేశారని. జీతం లేదట, మీటింగులన్నీ రాత్రిపూట పిల్లలు పడుకున్నాకేనట, అయినా సరేనన్నావట. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. తెల్లవారుజామున లేచి ఇది రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మామూలు సంగతులు నీకు చెప్పక్కర్లేదు, లెక్కలు చూసేదానివి. చెక్కు మీద ఇద్దరి సంతకం ఉండాలి, ఏటా పన్నులవాళ్ళకి, అదే ఐఆర్ఎస్‌కి, సంస్థ లెక్కల ఫారం 990 వేళకి వెళ్ళాలి, పిల్లల మధ్య కూర్చునే ప్రతి వాలంటీర్‌కీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరగాలి, ఏ బిడ్డనైనా కెమెరా ముందు పెట్టేముందు తల్లిదండ్రుల సంతకం కాగితం మీద ఉండాలి. యాప్ కూడా చేస్తామంటున్నారట కదా, 13 ఏళ్ళ లోపు పిల్లల వివరాలు తీసుకోవడం మీద 1998లోనే చట్టం వచ్చింది, లాయర్‌ని అడగకుండా పిల్లల పేరు కూడా అడగొద్దు. అంతే, ఇవి అయిపోయాయి.

నాకు కోపం వచ్చింది ఇంకో మాటకి. మొదటి కథలో ఏ పిల్లని పెట్టాలి, నల్లజాతి పిల్లనా మెక్సికన్ పిల్లనా మన పిల్లనా అని మీవాళ్ళంతా వాదించుకుని, చివరికి ఎవరికీ బాధ లేకుండా కుందేలుని పెట్టేద్దామన్నారట, నువ్వూ తల ఊపావట. అదేం పని చిట్టీ? మాడిసన్‌లో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళ పిల్లల పుస్తకాల కేంద్రం ఒకటుంది, 1985 నుంచీ ఏటా వచ్చే పుస్తకాలు లెక్క పెడుతున్నారు. ఆ మొదటి ఏడాది దాదాపు 2,500 పుస్తకాలు వస్తే అందులో నల్లజాతివాళ్ళు రాసినవో బొమ్మలు వేసినవో 18. 2018 లెక్క చూడు: తెల్లపిల్లలు ముఖ్యపాత్రగా ఉన్నవి నూటికి 50, జంతువులూ బండ్లూ లాంటివి 27. నల్లజాతి పిల్లలు 10, మన ఆసియావాళ్ళు 7, లాటినో పిల్లలు 5, ఇక్కడి ఆదివాసీల పిల్లలు 1. అంటే ఆ నలుగురు పిల్లల్నీ కలిపినా కుందేళ్ళకీ ఎలుగుబంట్లకీ సరిపోలేదు. గొడవ తప్పించుకోవడానికి ఇంకో కుందేలు ఎందుకమ్మా? గొడవ పడండి. నాలుగు మీటింగులు ఎక్కువైతే అవనీ, ఒక పిల్లని ఎంచుకోండి, ఆ తర్వాత ఇంకో పిల్లని.

మీ పెదనాన్నా నేనూ ఇక్కడికి వచ్చిన కొత్తలో, మీ అన్నయ్య ఇంకా చంకలో ఉన్నప్పుడు, న్యూజెర్సీ ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే టీవీలో సెసమీ స్ట్రీట్ అనే పిల్లల ప్రోగ్రామ్ పెట్టేదాన్ని. వాడికోసమని పెట్టి నేనే ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందులో మరియా అని ఒకామె రిపేరు షాపులో పనిచేసేది, టోస్టర్లు బాగుచేసేది, ఆమె చేతులు చామనఛాయ. ఈ దేశపు టీవీలో నా రంగుకి దగ్గరగా ఉన్న మనిషిని రోజూ చూడటం నాకు అదే మొదలు. ఆ ప్రోగ్రామ్‌లో అన్ని రంగులవాళ్ళూ కలిసి ఉన్నారని 1970లో మిసిసిపీ రాష్ట్రపు విద్యా టీవీ కమిషన్ దాన్ని వెయ్యనే వద్దంది, జనం ఊరుకోకపోతే కొన్ని వారాల్లో వెనక్కి తగ్గింది. నువ్వు ఉన్నది కూడా ఆ దక్షిణాది వైపే, అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు మీ అమ్మకి కూడా చెప్పని సంగతి చెబుతాను.

1994లో మా ఊరి లైబ్రరీ బేస్‌మెంట్‌లో మా జట్టు ఒకటి ఉండేది, పదిమందిమి. అట్టల మీద వేసిన బొమ్మల్ని ఒక్కొక్కటే కెమెరా ముందు పెడుతుంటే వెనక నుంచి ఒకళ్ళు కథ చదివేవారు, ఆ టేపు శనివారం లోకల్ కేబుల్ టీవీలో వచ్చేది. జట్టుకి లీడర్‌ని నేనే. బొమ్మలు వేసేది ఒక నల్లజాతి పెద్దాయన, పోస్టాఫీసులో చేసి రిటైర్ అయ్యారు. మన పిల్ల కథ నేను రాశాను, ముగ్గు వెయ్యడం నేర్చుకునే నాలుగేళ్ళ పిల్ల. ఆయన రెండు వారాలు స్టోరీ టైమ్‌లో వెనక కూర్చుని మన పిల్లల్ని చూసి, పద్నాలుగు అట్టలు వేసుకొచ్చారు. పిల్ల నల్లగా ఉంది. నా అంత నలుపు. ఎండ పడ్డచోట మోచెయ్యి రాగిలా మెరుస్తోంది, ముగ్గుపిండి అంటిన వేళ్ళు ఎంత బాగా వేశారో చెప్పలేను.

నేను చూసి, కొంచెం తెల్లగా చెయ్యండి అన్నాను.

ఎందుకని అడిగారు. మావాళ్ళకి నచ్చదు అన్నాను. మావాళ్ళెవరూ ఇంకా చూడనే లేదు. ఆయన వెంటనే ఏమీ అనలేదు, మీటింగయ్యాక కారు దాకా నాతో నడిచి వచ్చి, క్లార్క్ దంపతుల బొమ్మల సంగతి తెలుసా అని అడిగారు. నాకు తెలియదు. 1940ల్లో కెనెత్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి సైకాలజిస్టులు చిన్నపిల్లల ముందు ఒకేలాంటి బొమ్మలు, రంగు ఒక్కటే తేడా, పెట్టి మంచి బొమ్మ ఏదో ఇమ్మంటే, నల్లపిల్లల్లో కూడా ఎక్కువమంది తెల్లబొమ్మనే ఇచ్చారట. 1954లో నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ వేరువేరు స్కూళ్ళలో పెట్టడం తప్పని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఆ పని కూడా లెక్కలోకి తీసుకుంది. అదంతా ఆ చలిలో నిలబడి నెమ్మదిగా చెప్పారు. నేను విని, అయినా మా సంగతి వేరండీ అని కారెక్కాను.

మా సంగతి వేరేమీ కాదు. తెనాలిలో మీ అమ్మమ్మ మా ఇద్దరికీ ఒకే సున్నిపిండి రుద్దేది, మీ అమ్మకి రెండు నిమిషాలు, నాకు చర్మం మండేదాకా. మీ అమ్మ మీగడ రంగు. నాకు మూడు సంబంధాలు 'పిల్ల రంగు తక్కువ' అని తిరిగిపోయాయి, ఆ మాట పక్కగదిలో నుంచి నాకు వినిపించేటట్టే అన్నారు. ఆ బొమ్మని చూడగానే నాకు ఆ గది గుర్తొచ్చింది. ఈ పిల్లని ఎవరూ అలా అనకూడదనుకున్నాను, అనకుండా ఉండాలంటే తెల్లగా ఉండాలనుకున్నాను.

ఆయన పద్నాలుగూ మళ్ళీ వేశారు, ఉచితంగా. లైబ్రరీలో ఆ టేపు వేసిన రోజు ముందు వరసలో ఇద్దరు తెలుగు పిల్లలు, ఒకర్తి తెలుపు, ఒకర్తి బాగా నలుపు. ముగ్గు పిల్ల కనపడగానే ఆ నల్లపిల్ల పక్కదాని చెయ్యి ఊపి "అది నువ్వే, నువ్వే!" అంది. సంతోషంగానే అంది, ఏడవలేదు. తను అవుతానేమోనన్న ఆలోచనే లేదు దానికి. తలుపు దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. మరుసటి వారం నుంచి రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, మెసేజ్ పెట్టాను, తర్వాత మానేశాను. ఇల్లు పది నిమిషాల దూరం. వెళ్ళలేదు, ఏం చెప్పాలో తెలియక. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే కొన్నేళ్ళు గడిచాక, ఆయన పోయారని లైబ్రరీ ఆమె చెప్పింది.

అందుకని నిన్ను బతిమాలుతున్నాను. బొమ్మ పెన్సిల్‌లో ఉండగానే ఆ పిల్లల అమ్మల ముందు పెట్టండి. రంగులన్నీ వేశాక చూపిస్తే వాళ్ళేం చెబుతారు, మొహమాటానికి బాగుందంటారు. నల్లజాతి పిల్లలకి జడలు ఎలా వెయ్యాలో, రాత్రి పడుకునేముందు తలకి సాటిన్ గుడ్డ ఎందుకు కడతారో నువ్వూ నేనూ తేల్చేవి కావు. ఎవరైనా వద్దని చెప్పి ఆ తర్వాత రావడం మానేస్తే ఈమెయిల్ పెట్టి కూర్చోకు. కారు తీసుకుని వెళ్ళు, ఆ వారంలోనే వెళ్ళు.

ఇంకోటి, బోర్డు వాళ్ళు ఉచితంగా పనిచేస్తే చెయ్యండి, బొమ్మలు వేసేవాళ్ళకీ గొంతు ఇచ్చేవాళ్ళకీ మాత్రం డబ్బివ్వండి, యాభై డాలర్లయినా. డబ్బు తీసుకున్న మనిషి కాదు అని గట్టిగా అనగలడు. 2025లో కాంగ్రెస్ పబ్లిక్ టీవీకీ రేడియోకీ ఇచ్చిన 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసేసుకుంది కదా, ఇక జీతాలిచ్చి చేయించిన పనంతా మీలాంటివాళ్ళ మీద పడుతుందని నా భయం. అన్నిటికీ సరేననకు. నీకసలే మైగ్రేన్, రాత్రి పదకొండు దాటితే మీటింగ్ ఆపెయ్యి, ప్రెసిడెంట్‌వి నువ్వే కదా. అన్నం తిని కూర్చో.

లైబ్రరీ బేస్‌మెంట్ ఖాళీ చేసినప్పుడు బీరువా వెనక ఒక అట్ట కవరు దొరికింది. ఆయన మొదట వేసిన పద్నాలుగూ అందులోనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ నా బట్టల అడుగున దాచాను. సోమవారం పోస్టులో పంపిస్తున్నాను, నువ్వు ఇంట్లో ఉండి సంతకం చేసి తీసుకో. మీ బొమ్మలు వేసేవాళ్ళకి చూపించు. ఎండ తగిలే గోడకి మాత్రం పెట్టకు, వాటర్ కలర్, వెలిసిపోతుంది.

పెద్దమ్మ