పిల్లికూన నీళ్లు ముట్టడం లేదు, వడదెబ్బేనా?

ప్రశ్న: ధాన్యం కొట్టులో ఎలుకల కోసం పెంచుకున్న పిల్లి పది రోజుల కిందట ఉన్నట్టుండి చనిపోయింది. దాని మూడు కూనల్లో ఒకటే మిగిలింది. వయసు నెల రోజులు. గేదె పాలు పెడితే గిన్నె ఖాళీ చేస్తోంది కానీ నీళ్లు మాత్రం ముట్టడం లేదు. మూడు రోజులుగా పల్చగా పారుకుంటోంది. పొట్ట ఉబ్బుగా ఉంది. ఎప్పుడూ పొయ్యి దగ్గరకే వెళ్లి ముడుచుకుని పడుకుంటోంది. ఎండలకు వడదెబ్బ తగిలిందనుకుని గ్లూకోజ్ నీళ్లు దూదితో నోట్లో పిండుతున్నాం. మందుల దుకాణంలో చిన్నపిల్లల జ్వరం సిరప్, దూడలకు వేసే నట్టల మందు ఇచ్చారు. ఎంత మోతాదులో వేయాలి?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు ఆ రెండు సీసాలూ అవతల పెట్టండి. జ్వరం సిరప్ అంటే పారాసిటమాల్. పిల్లికి అది విషం. దాని కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపలేదు. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, మూతి వాస్తుంది, ఊపిరి అందక ప్రాణం పోతుంది. కిలో బరువుకు 10 మి.గ్రా. వేసినందుకే విషం ఎక్కిన పిల్లులున్నాయి. మామూలు సిరప్‌లో 5 మి.లీ.కు 125 మి.గ్రా. మందు ఉంటుంది. ‘ఒక్క మి.లీ.యే కదా’ అని 400 గ్రాముల కూనకు వేస్తే కిలోకు 60 మి.గ్రా. దాటుతుంది. ఇప్పటికే వేసి ఉంటే మిగతా జవాబు తర్వాత చదవవచ్చు, ముందు పశువైద్యశాలకు బయలుదేరండి.

ఇక వడదెబ్బ సంగతి. వడదెబ్బ తగిలిన జీవి పొయ్యి దగ్గరకు పోదు. నోరు తెరిచి రొప్పుతూ చల్లటి గచ్చు వెతుక్కుంటుంది. మీ కూన వెచ్చదనం కోసం వెతుక్కుంటోంది, అంటే ఒళ్లు చల్లబడుతోంది. నెల రోజుల కూన నీళ్ల గిన్నె జోలికి పోకపోవడం రోగం కాదు. తల్లి బతికి ఉంటే ఇప్పటికీ దాని దాహం పాలతోనే తీరేది. అసలు దోషం మీరు ప్రేమగా పోస్తున్న గేదె పాలలో ఉంది. పిల్లి పాలతో పోలిస్తే వాటిలో మాంసకృత్తులు తక్కువ, లాక్టోజ్ అనే పాల చక్కెర ఎక్కువ. పైగా గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగనిస్తున్నారు. అరగని పాలు పేగుల్లోకి నీటిని లాగి విరేచనంగా పోతున్నాయి. తాగుతున్న కొద్దీ ఒంట్లో నీరు తగ్గుతోంది. ఉబ్బిన పొట్టకు ఏలికపాములు కూడా కారణమై ఉండవచ్చు. అవి తల్లిపాల ద్వారా కూడా కూనకు వస్తాయి.

ఈ రోజు చేయాల్సింది ఇది. గేదె పాలు పూర్తిగా ఆపేయండి. నోట్లో వేలు పెట్టి చూడండి. చల్లగా తగిలితే ఏమీ పట్టవద్దు. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే పేగులు కదలవు, పోసింది పోసినట్టే ఉండిపోతుంది. వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టి, నెమ్మదిగా వెచ్చబడనివ్వండి. ఆ తర్వాత 20.5 గ్రాముల ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపండి. సూది తీసేసిన 2 మి.లీ. సిరంజితో అరగంటకోసారి 2 నుంచి 3 మి.లీ. చొప్పున నాలుగు గంటలు పట్టండి. కూనను బోర్లా ఉంచి, నోటి పక్క నుంచి చుక్క చుక్కగా వదలాలి. పసిబిడ్డను పట్టుకున్నట్టు వెల్లకిలా పట్టుకుంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దూదితో పిండటం అందుకే మానమంటున్నాను. గ్లూకోజ్ పొడి ఒక్కటే కలిపిన నీళ్లలో లవణాలు ఉండవు. అవి ఓఆర్ఎస్‌కు బదులు కావు. కలిపిన ద్రావణాన్ని 24 గంటల తర్వాత పారబోయండి.

నాలుగు గంటలయ్యాక తిండి మొదలుపెట్టండి. విరేచనాలని పస్తు పెట్టకండి, ఇంత చిన్న ప్రాణికి రక్తంలో చక్కెర పడిపోతుంది. 400 గ్రాముల కూనకు రోజు మొత్తం మీద 60 నుంచి 80 మి.లీ. నీరు కావాలి. ఆ నీరు గిన్నెలోంచి కాదు, జావలోంచి వెళ్లాలి. మొదటి రెండు మూడు రోజులు ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసాన్ని మెత్తగా నూరి, ఉడికించిన నీళ్లతోనే జారుగా కలపండి. ఇంట్లో వండిన కోడికూర పులుసు మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కోడిమాంసంలో కాల్షియం చాలదు కాబట్టి తర్వాత పిల్లికూనల కోసం అమ్మే పొడి మేతకు మారండి. ఒక వంతు మేతకు మూడు వంతుల గోరువెచ్చని నీళ్లు పోసి, ఇరవై నిమిషాలు నానబెట్టి నలపాలి. పూటకు 15 మి.లీ. మించకుండా రోజుకు ఐదారు సార్లు పెట్టండి. ఆ వయసులో దాని పొట్ట పట్టేది అంతే.

లోతు గిన్నె వద్దు, డబ్బా మూత చాలు. మొదటిసారి కూన అందులో కాలు పెడుతుంది, ముక్కు ముంచి తుమ్ముతుంది. కంగారు పడకండి. వేలితో కొంచెం పై పెదవికి రాస్తే నాకుతుంది, నాలుగో పూటకు తానే వస్తుంది. తిన్నాక మూతి, పాదాలు గోరువెచ్చని గుడ్డతో తుడిచి ఆరబెట్టండి, తడి బొచ్చుతో మళ్లీ చల్లబడుతుంది. మిగిలిన జావను ఈ ఎండల్లో గంట కూడా ఉంచవద్దు. ఐదో వారం నుంచి జావలో కలిపే నీళ్లు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఏడెనిమిది వారాలకు గట్టి మేతకు తేవచ్చు. పక్కన మరో మూతలో మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి.

నీరు తగ్గిందో లేదో చూడటానికి చర్మం పట్టి లాగుతుంటారు. ఆరు వారాల లోపు కూనలో ఆ పరీక్షను నమ్మలేం. చిగురు మీద వేలు పెట్టండి, జారుతూ ఉంటే మంచిదే, అతుక్కుంటే నీరు తక్కువైనట్టు. మూత్రాన్ని తెల్ల కాగితంతో అద్ది చూడండి. దాదాపు రంగు లేకుండా ఉండాలి, ముదురు పసుపు పనికిరాదు.

వీటన్నిటికంటే నేను నమ్మేది త్రాసును. మీరు ఇంత ఉత్తరం రాశారు, కూన బరువెంతో రాయలేదు. నేను చెప్పిన 400 గ్రాములు వయసును బట్టి వేసిన అంచనా మాత్రమే. వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి, అందులో కూనను ఉంచి రోజూ ఒకే వేళకు తూచండి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే గమనించండి, తగ్గితే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాంతులు, విరేచనంలో రక్తం, పాలిపోయిన చిగుళ్లు కనిపించినా, 12 గంటలు ఏమీ తినకపోయినా ఆగవద్దు. అక్కడ రింగర్ లాక్టేట్ అనే లవణ ద్రావణాన్ని వెచ్చచేసి చర్మం కింద ఎక్కిస్తారు.

దూడల నట్టల మందు పాతిక కిలోల దూడకు కొలిచింది. అరకిలో లేని కూనకు దాన్ని కంటిచూపుతో పోయమన్న దుకాణదారుకు మీ కూన కనిపించిందా, బరువు తెలిసిందా? విరేచనాలు తగ్గాక పైరాంటెల్ అనే నట్టల మందును కిలోకు 5 నుంచి 10 మి.గ్రా. లెక్కన, అంటే దీనికి 2 నుంచి 4 మి.గ్రా., పశువైద్యునితోనే కొలిపించి వేయండి. ఎనిమిది వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి వేయాలి. ఎనిమిదో వారంలో మూడు రోగాల టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించండి.

తల్లి ఉన్నట్టుండి పోయిందన్నారు. కొట్టులో బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు బిళ్లలు గానీ పెట్టారా? విషం తిన్న ఎలుకను తిన్న పిల్లికి కూడా ఆ విషం ఎక్కుతుంది. పిల్లినైనా పెంచండి, మందైనా పెట్టండి, ఒకే కొట్టులో రెండూ కుదరవు. మళ్లీ రాసేటప్పుడు వారం రోజుల బరువులు వరుసగా రాసి పంపండి.