‘నల్లులు ఖతం’ అన్నాడు మా ఓనరు

నల్లుల మందు కరపత్రం రాస్తున్నానన్నారు. ఒకదాన్ని పూర్తిగా లేకుండా చేయడానికి తెలుగులో ఏ మాటలున్నాయి, నివారణ, నిర్మూలన, వదిలించుకోవడం అన్నీ ఒకటేనా అని అడిగారు. ఒకటి కావండి. ఆ తేడా నాకు నిఘంటువు కన్నా ముందు హైదరాబాద్ అశోక్‌నగర్ నల్లులు నేర్పాయి.

గ్రూప్స్‌కి చదువుకునే రోజుల్లో అక్కడ ఒక గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. లైటు తీస్తే చాలు, మంచాల సందుల్లోంచి బయల్దేరేవి. పోరగా పోరగా ఓనరు మందు కొట్టించి, "ఇగ నల్లులు ఖతం, మంచిగ పండుకోర్రి" అన్నాడు. పది రోజులు నిజంగానే హాయిగా పడుకున్నాం. తర్వాత మళ్లీ దద్దుర్లు. ఫోన్లో చెబితే మా అమ్మ నవ్వింది. "ఖతం కాలే బిడ్డా, కనవడకుంట అయినయ్ అంతే. గుడ్లు పోయినయా?"

అసలు సంగతి అదే. చాలా మందులకు పెద్దవి చచ్చినా గుడ్లు మిగిలిపోతాయి. ఒకటి రెండు వారాల్లో అవి పిల్లలవుతాయి. రక్తం దొరక్కపోయినా నల్లి నెలల తరబడి బతుకుతుంది. మంచాలు డాబా మీదకెక్కించి సందుల్లో సలసల కాగే నీళ్లు పోశాం, దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉడకబెట్టినంత పని చేశాం, రెండు వారాలాగి మళ్లీ మందు కొట్టించాం. అప్పుడు వదిలింది పీడ.

ఇప్పుడు మాటలు చూడండి. నివారణ అంటే దగ్గరికి రాకుండా ఆపడం. నియంత్రణ అంటే ఉన్నదాన్ని హద్దులో ఉంచడం. నిర్మూలన అంటే మూలమే లేకుండా చేయడం. మూలమంటే వేరు. ఇంగ్లిషు వాళ్ల ‘ఎరాడికేట్’లో ఉన్నదీ లాటిన్ వేరే. మన ఇళ్లలో దీన్నే ‘కూకటివేళ్లతో పెకలించడం’ అంటారు. కూకటివేరంటే తల్లివేరు. నల్లులకు గుడ్లే తల్లివేరు. మా ఓనరు చేయించింది నియంత్రణ, చెప్పింది నిర్మూలన.

అన్నట్టు, పేపర్లలో ‘సమూల నిర్మూలన’ అని రాస్తుంటారు. వేరుతో సహా వేరు లేకుండా చేయడమన్నమాట! మీరైనా ఒక వేరు తగ్గించండి.

ఈ మాటతో పెద్దవాళ్లకూ చిక్కే. మశూచిని ప్రపంచం నుంచే తుడిచిపెట్టినట్టు 1980లో ప్రకటించారు, అది నిజమైన నిర్మూలన. నారికురుపు మన దేశంలో లేదని 2000లో ధ్రువీకరణ వచ్చింది. కుష్ఠు సంగతి వేరు. పదివేల మందిలో ఒకరి కంటే తక్కువ మందికి ఉంటే ప్రజారోగ్య సమస్యగా తొలగినట్టే అని లెక్క, దేశం మొత్తం మీద ఆ లెక్క అందుకున్నది 2005లో. రోగులు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నారు. ఇంగ్లిషులో మశూచి తరహాకు ‘ఎరాడికేషన్’, కుష్ఠు తరహాకు ‘ఎలిమినేషన్’ అని వేరువేరు మాటలున్నాయి. తెలుగులో రెండూ నిర్మూలనే అయిపోయాయి. దోమల మాటకొస్తే, బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. బేగంపేటలో ఆ భవనం ఇంకా ఉంది, దోమలూ ఉన్నాయి. వీధిలో పొగబండి వచ్చిపోతే దాన్ని నియంత్రణ అంటే చాలు.

నన్నడిగితే తెలుగులో అసలు బలం ఈ సంస్కృత పదాల్లో లేదు, క్రియ చివర తగిలించే ‘వేయు’లో ఉంది. తీయడం వేరు, తీసేయడం వేరు. ఊడ్చేయ్, కడిగేయ్, చెరిపేయ్, వదిలేయ్ అన్నప్పుడు ఆ ‘ఏయ్’తోనే పని ముగిసిందనిపిస్తుంది. ఇంకా కసి ఉంటే ‘పారేయ్’ చేరుస్తాం: చింపి పారేయ్, తెంపి పారేయ్. కానీ జాగ్రత్త, ‘తీసిపారేశాడు’ అంటే లెక్కచేయలేదని. కోర్టు పిటిషన్‌ను కొట్టేస్తుంది, దొంగ పర్సు కొట్టేస్తాడు.

ఇంకో గుంపు పూజగది నుంచీ, కర్మకాండ నుంచీ వచ్చింది. నాకు ఇవంటే చాలా ఇష్టం. ఉద్వాసన అంటే పూజయ్యాక దేవుణ్ణి సాగనంపడం, ఇప్పుడేమో ఉద్యోగుల్ని పంపించేయడం. భజన చివర మంగళం పాడతారు, పథకాలకూ మంగళం పాడేస్తారు. తిలోదకాలంటే పోయినవాళ్లకు వదిలే నువ్వులూ నీళ్లూ, ఇప్పుడు అవి మాట మార్చిన నాయకుల సిద్ధాంతాలకు దక్కుతున్నాయి. స్వస్తి అసలు దీవెన! వీటన్నిట్లో ఒక మర్యాద ఉంది, కాబట్టి నల్లులకు పనికిరావు. ‘నల్లులకు ఉద్వాసన’ అని రాస్తే చదివినవాడు నవ్వుకుని మందు కొనకుండా పోతాడు. నిమజ్జనం మాట కూడా వద్దు. ట్యాంక్‌బండ్ దగ్గర హుస్సేన్‌సాగర్లో మునిగిన వినాయకుల్ని మర్నాడు క్రేన్లు పైకి లాగడం చూసినవాళ్లెవరూ ఆ మాటకు ‘పూర్తిగా పోవడం’ అనే అర్థం చెప్పుకోరు.

హైదరాబాద్‌లో అమ్మేట్టయితే ఖతం, సాఫ్ ఎవరికైనా ఇట్టే అర్థమవుతాయి. రద్దు, బర్తరఫ్ కూడా ఉర్దూ మీదుగా వచ్చినవే గానీ అవి ఆఫీసు కాగితాల మాటలు.

నేనైతే పైన పెద్దక్షరాల్లో ‘నల్లుల పీడ వదిలించుకోండి’ అని రాస్తాను. ‘వదిలించుకోవడం’లో అది మనల్ని పట్టుకుని ఉందన్న బాధ వినిపిస్తుంది, రాత్రంతా గోక్కున్నవాడికి అది తగులుతుంది. నిర్మూలన అని రాయాలనే ఉంటే మాత్రం, దాని కిందే రెండోసారి మందు ఎన్నాళ్లకు కొట్టాలో రాయండి. మా ఓనరు ఆ ముక్క మాకు చెప్పనే లేదు. గది ఖాళీ చేసేటప్పుడు మాత్రం రెండుసార్ల మందు ఖర్చూ మా అడ్వాన్సులోంచి కొట్టేశాడు. ఏ అర్థంలో కొట్టేశాడో మీరే తేల్చుకోండి.