కాన్ఫరెన్స్ చెదిరితే కాలేజీ సంగతేమిటి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: మా అమ్మాయికి వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ సాకర్ జట్టులో చోటు, సగం స్కాలర్‌షిప్ ఇస్తామంటున్నారు. పాక్-12 కాన్ఫరెన్స్ ముక్కలైందని, ఆ స్కూలుకు ఇక భవిష్యత్తు లేదని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. చేర్పించవచ్చా? రేపు డిగ్రీకి విలువ తగ్గుతుందా?
– ఒక తల్లి, సియాటెల్

జ: డిగ్రీ గురించి దిగులు వద్దు. కాన్ఫరెన్స్ అంటే మ్యాచ్‌ల షెడ్యూలు వేసుకోవడానికి, టీవీ హక్కులు కలిసి అమ్ముకోవడానికి కొన్ని యూనివర్సిటీలు కట్టిన కూటమి. చదువుకు గుర్తింపునిచ్చే సంస్థలు వేరు, వాటికి ఈ గొడవతో సంబంధం లేదు. మీరు ఆలోచించాల్సింది మీ అమ్మాయి ఆడబోయే నాలుగేళ్ల గురించి.

ముందు జరిగిందేమిటో చూడండి. 2022 జూన్ 30న పాక్-12లోని లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్ఏ తాము బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌కు వెళ్తున్నామని ప్రకటించాయి. 2023 జులైలో కొలరాడో బిగ్ 12 అనే ఇంకో కాన్ఫరెన్స్ బాట పట్టింది. ఆగస్టు 4న ఒక్కరోజే అయిదు స్కూళ్లు వెళ్లిపోయాయి: ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ తూర్పు తీరపు కాన్ఫరెన్స్ అయిన ఏసీసీలో చోటు సంపాదించాయి. ఇంత తేలిగ్గా ఎలా వెళ్లగలిగాయంటే, పాక్-12 టీవీ ఒప్పందం 2024 వేసవితో ముగుస్తోంది, స్కూళ్లు తమ హక్కులను కాన్ఫరెన్స్‌కు రాసిచ్చింది కూడా అప్పటివరకే. ఆ గడువు దాటితే కట్టిపడేసే కాగితమే లేదు. కొత్త ఒప్పందంగా చేతికొచ్చింది చందాదారుల సంఖ్యను బట్టి డబ్బు పెరిగే ఆపిల్ ప్రతిపాదన. ఆ అనిశ్చితికి స్కూళ్లు సిద్ధపడలేదు.

మిగిలింది ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. అవి కోర్టుకెక్కి కాన్ఫరెన్స్ ఆస్తులపై అధికారం దక్కించుకున్నాయి. వెళ్లిపోయిన పది స్కూళ్లు రాజీలో 6.5 కోట్ల డాలర్లు వదులుకున్నాయి. పై స్థాయి ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) కాన్ఫరెన్స్‌కు కనీసం 8 జట్లుండాలన్నది కాలేజీ క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ నియమం. తగ్గితే రెండేళ్లు గడువిస్తారు. ఆ గడువులోనే బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్ వచ్చి చేరాయి. 2025 జూన్ 30న టెక్సస్ స్టేట్ రాకతో ఎనిమిది లెక్క పూర్తయింది. ఫుట్‌బాల్ లేని గొంజాగా అదనం. కొత్త కూటమికి 2026 జులై 1 నుంచి ఆరంభం. అంటే కాన్ఫరెన్స్ బతికింది, తగ్గింది డబ్బు. పాత పాక్-12 ఏటా ఒక్కో స్కూలుకు 3 కోట్ల డాలర్లకు పైగా పంచేది. కొత్తదానిలో అంత రాదు.

ఈ కోత సాకర్ దాకా ఎలా వస్తుంది? పై స్థాయి ఫుట్‌బాల్ ఆడే స్కూలు మొత్తం కనీసం 16 క్రీడలు నడపాలి. ఆ గీతకు దగ్గరగా ఉన్న స్కూలుకు ఏ ఆటనూ పూర్తిగా ఎత్తేసే వీలుండదు. అందుకే లోపలినుంచి పలచన చేస్తుంది: సహాయ కోచ్‌లు తగ్గుతారు, ప్రయాణాలు తగ్గుతాయి, స్కాలర్‌షిప్‌ల సొమ్ము తగ్గుతుంది. వాషింగ్టన్ స్టేట్ 2025లో ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో దూకుళ్లు, విసుర్ల పోటీలను ఆపేసి దూరపు పరుగులపై దృష్టి పెడతానంది. జాబితాలో ఆట పేరు అలాగే ఉంది, ఆడేవాళ్లే తగ్గారు. అమ్మాయిల సాకర్‌కు మాత్రం ఒక రక్షణ ఉంది. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం మహిళలకు ఆడే అవకాశాలు న్యాయంగా దక్కాలి. పెద్ద జట్టు పట్టే ఆటను తీసేస్తే స్కూలుకు ఆ లెక్క కుదరడం కష్టం. ప్రయాణాలూ నయమే, గొంజాగా ఉన్న స్పోకేన్ అక్కడికి 75 మైళ్లే.

కాబట్టి చేర్పించండి, కాని కాగితం చదివి. ఫలానా కాలేజీలో చేరతామని ఆటగాళ్లు సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతి 2024 అక్టోబరులో రద్దయింది, ఇప్పుడు మీకు ఆధారం ఆర్థిక సహాయ ఒప్పందమే. అందులో ‘సగం’ అంటే ట్యూషన్‌లో శాతమా, ఇంత డాలర్లు అని స్థిరమైన మొత్తమా చూడండి. స్థిరమైన మొత్తమైతే ఫీజు పెరిగిన కొద్దీ దాని విలువ కరిగిపోతుంది. ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? ఆట రద్దయితే డిగ్రీ అయ్యేదాకా సాయం కొనసాగుతుందా? కోచ్ నోటిమాట చాలదు, ఒప్పందంలో రాయించుకోండి. ఆటగాళ్లకు డబ్బు చెల్లించే విషయమై నడిచిన హౌస్ కేసు రాజీకి ఒప్పుకున్న స్కూళ్లలో సాకర్ జట్టుకు 28 మంది పరిమితి ఉంది. ఆ 28లో మీ అమ్మాయి ఉందా అని సూటిగా అడగండి.

ప్ర: మా అబ్బాయికి ఏసీసీలో చేరిన కాలిఫోర్నియా స్కూళ్ల నుంచి పిలుపు వచ్చింది. ప్రయాణాలతో చదువు దెబ్బతింటుందా?
– ఒక తండ్రి, ఫ్రీమాంట్

జ: దెబ్బతినవచ్చు. కాలిఫోర్నియా నుంచి బోస్టన్ దాదాపు 2,700 మైళ్లు, గడియారం మూడు గంటలు ముందుంటుంది. సీజన్‌లో సాధన వారానికి 20 గంటలు మించకూడదని ఎన్‌సీఏఏ అంటుంది గాని, ప్రయాణపు గంటలు ఆ లెక్కలోకి రావు. కోచ్‌ను కిందటి ఏడాది జట్టు ప్రయాణ పట్టిక ఇమ్మని అడిగి, తరగతులు పోయిన రోజులు మీరే లెక్కపెట్టండి. ప్రత్యేక విమానమా, మామూలు విమానమా అన్నదీ అడగండి. మామూలు విమానమైతే ఆదివారం ఆట ముగిసినా ఇల్లు చేరేది సోమవారమే కావచ్చు. డబ్బు కూడా అనుకున్నంత లేదు. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ రెండూ మొదటి ఏడేళ్లు టీవీ వాటాలో 30 శాతానికే ఒప్పుకున్నాయి. బర్కిలీని ఆదుకోవడానికి యూసీఎల్ఏ మూడేళ్లపాటు ఏటా కోటి డాలర్లివ్వాలని ఆ రెండింటినీ నడిపే పాలకమండలి (రీజెంట్లు) తీర్మానించాల్సి వచ్చింది.

ప్ర: ఒక స్కూలు క్రీడా విభాగం నిలకడగా ఉందో లేదో బయటివాళ్లం ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జ: ఫెడరల్ విద్యాశాఖ ఈఏడీఏ పేరుతో ప్రతి స్కూలు క్రీడల ఆదాయ వ్యయాలను ఇంటర్నెట్‌లో ఉంచుతుంది. దాన్ని చూసి మోసపోకండి. యూనివర్సిటీ తన ఖజానా నుంచి నింపిన సొమ్మును కూడా అందులో ఆదాయంగానే చూపవచ్చు, కాబట్టి చాలా చోట్ల జమా ఖర్చులు సమానంగా కనిపిస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీలైతే కాలేజీ క్రీడల జమా ఖర్చులు చూపే నైట్-న్యూహౌస్ డేటాబేస్ మేలు. అందులో విద్యార్థుల ఫీజు, యూనివర్సిటీ సహాయం అనే రెండు పద్దులు కలిపి మొత్తం ఆదాయంతో భాగించండి. ఎస్‌ఈసీ, బిగ్ టెన్ లాంటి సంపన్న కాన్ఫరెన్స్‌లలోని పెద్ద స్కూళ్లలో ఇది స్వల్పం. చిన్న కాన్ఫరెన్స్‌లలో సగం దాటడం మామూలే. ఆ సగం విద్యార్థుల సంఖ్య మీద, రాష్ట్ర బడ్జెట్ మీద ఆధారపడుతుంది, రెండూ తగ్గుతుంటే ముందు పోయేది టెన్నిస్, ఈత లాంటి ఆటలే. స్టేడియం అప్పు మీద ఏటా కట్టే వాయిదా కూడా చూడండి. అది కోయడానికి వీల్లేని ఖర్చు. ప్రైవేటు స్కూళ్ల వివరాలు ఇంత విడిగా దొరకవు.

2025-26 నుంచి పెద్ద స్కూళ్లు ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు, ఆ ఏడాదికి ఒక్కో స్కూలు పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము ఎక్కణ్నుంచి తెస్తారని అడిగినప్పుడు సూటిగా జవాబు చెప్పలేని స్కూలు విషయంలో జాగ్రత్తగా ఉండండి.

ప్ర: మళ్లీ ఇలాంటి కదలిక ఎప్పుడు?
– ఒక పాఠకురాలు, షార్లట్

జ: 2030 ప్రాంతంలో అని మా అంచనా. బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2029-30తో, బిగ్ 12ది 2030-31తో ముగుస్తాయి. ఏసీసీ హక్కుల ఒప్పందం 2036 దాకా ఉన్నా, అందులోని ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ వేసిన కేసుల రాజీతో 2025 మార్చిలో బయటికి దారి తెరుచుకుంది. నిష్క్రమణ రుసుము 2025-26లో 16.5 కోట్ల డాలర్లు, ఏటా 1.8 కోట్ల చొప్పున తగ్గుతూ 2030-31కి 7.5 కోట్లవుతుంది. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లలు కాలేజీలో ఉండగానే ఇది జరగవచ్చు.

ప్ర: మా తమ్ముడు ఎఫ్-1 వీసా మీద టెన్నిస్ ఆడుతున్నాడు. స్కూలు పంచే డబ్బు తీసుకోవచ్చా?
– ఒక అన్న, టంపా

జ: స్కాలర్‌షిప్‌కు ఇబ్బంది లేదు. పంచుకునే ఆదాయం, ప్రకటనల సొమ్ము వేరు సంగతి. ఎఫ్-1 నిబంధనల్లో వాటికి ప్రత్యేక అనుమతి లేదు, అనుమతిలేని పనిగా తేలితే వీసా హోదా పోతుంది. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా, ఇమిగ్రేషన్ లాయరు చూసేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని చెప్పండి.