పాత మిద్దె విప్పే ముందు

అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

గోవిందరాజస్వామి గుడి దగ్గర మీ మామగారి పాత ఇల్లు బాగుచేసి, పైన ఒక పోర్షన్ వేయాలని రాశావు. మేస్త్రీ ఇచ్చిన ఎస్టిమేట్ చూశాను. అది పైకి కనిపించే ఇంటికి వేసిన లెక్క. గోడ లోపల ఏముందో ఇంకా ఎవరూ చూడలేదు. అడ్వాన్సు ఇవ్వకముందే అది చూడాలమ్మా.

పాత ఇళ్లల్లో ఇటుకల మధ్య సిమెంటు ఉండదు, మట్టో సున్నమో ఉంటుంది. పైన నున్నగా సిమెంటు పూత ఉంటే నమ్మొద్దు. నేలకు దగ్గరగా రెండు మూడు చోట్ల జానెడు మేర పూత కొట్టించు. మేకుతో గీకినప్పుడు సందులోంచి పొడిగా రాలితే అది మట్టి కట్టుబడి. అలాంటి గోడ తడవకుండా ఉంటే ఏళ్ల తరబడి బరువు మోస్తుంది, నానితే మాత్రం బలం పోతుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు మునిగినప్పుడు లోపలికి నీళ్లొచ్చాయేమో మీ అత్తగారిని అడుగు. అయిదంగుళాల స్లాబు ఒక్కటే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. ఆ గోడలు దాన్ని మోస్తాయో, విడిగా పునాది తీసి పిల్లర్లు లేపాలో స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. ఈ ఒక్క విషయంలో మేస్త్రీ మాట చాలదు.

తర్వాత దూలాలు. మీది మద్రాసు టెర్రస్ (చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన మిద్దె) అంటున్నావు కదా, దూలం మధ్యలో చూసి బాగుందనుకోవద్దు. గోడలోకి దూరిన కొనలే ముందు పుచ్చుతాయి, చెమ్మా చెదలూ అక్కడే చేరతాయి. ప్రతి కొన దగ్గరా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. సులువుగా దిగితే ఆ దూలం పనికిరాదు. హాలు పెద్దది చేయడానికి అడ్డగోడ తీసేస్తామన్నారు. దూలాలు దాని మీద ఆనాయేమో తేలేదాకా ఒక్క ఇటుక కూడా కదపనివ్వకు.

వైరింగు, పైపులు మొత్తం కొత్తవే వేయించండి, అందులో ఆలోచించేదేం లేదు. పెరట్లో పూడ్చిన బావి ఉందేమో కనుక్కో, దాని మీద బాత్రూం కడితే నేల కుంగుతుంది.

ఎస్టిమేట్‌కు తోడు అందులో అయిదో వంతు డబ్బు విడిగా ఉంచుకోండి. పక్కింటితో గోడ ఉమ్మడిది కాబట్టి, పని మొదలయ్యే ముందే వాళ్లను పిలిచి, ఇప్పటికే ఉన్న పగుళ్లకు ఇద్దరి ఎదుటా ఫోటోలు తీయండి. మిద్దె మాత్రం సంక్రాంతి దాటాకే విప్పండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు.

పెదనాన్న