హత్య కథలో సముద్రాన్ని సాక్షిగా నిలబెట్టండి

ప్రశ్న: ప్రశాంతమైన సముద్రతీర పర్యాటక పట్టణం నేపథ్యంగా హత్య నవల రాస్తున్నాను. హంతకుడు రాత్రి ఒకరిని గొంతు నులిమి చంపి, పడవలో తీసుకెళ్లి నడిసముద్రంలో పడేస్తాడు. తెల్లవారేసరికి శవం ఒడ్డుకు కొట్టుకొస్తుంది. మరణం సరిగ్గా రాత్రి 11 గంటలకు జరిగిందనీ, ముఖం మీది గాయాలు పెనుగులాటలో తగిలినవనీ డాక్టరు చెబుతాడు. ఇది నమ్మేలా లేదని మిత్రులంటున్నారు. దీన్ని ఎలా సరిదిద్దాలి? హంతకుణ్ణి పర్యాటకుడిగా చూపవచ్చా?

జవాబు: మీ మిత్రుల అనుమానం సరైనదే. లోతు నీటిలో పడిన శవం సాధారణంగా మునిగిపోతుంది. లోపల కుళ్లు మొదలై వాయువులు పుట్టాకనే పైకి తేలుతుంది కనుక, వెచ్చని నీటిలోనైనా ఒక్క రాత్రిలో అది జరగడం అరుదు. మరణ సమయాన్ని గంట లెక్కన చెప్పడం నేలమీద దొరికిన శవం విషయంలోనే కష్టం. గాలిలో కంటే నీటిలో దేహం త్వరగా చల్లబడుతుంది కాబట్టి, మీ డాక్టరు కొన్ని గంటల వ్యవధిని మాత్రమే చెప్పగలడు. ముఖం మీది గాయాల సంగతి ఇంకా ఆసక్తికరం. నీటిలో శవం ఎక్కువగా బోర్లా, తలా కాళ్లూ చేతులూ కిందికి వేలాడుతూ ఉంటుంది. అందువల్ల నుదురు, వేళ్ల కణుపులు, మోకాళ్లు ఇసుకకూ రాళ్లకూ ఒరుసుకుని గీరుకుపోతాయి. వాటిని పెనుగులాట గుర్తులుగా పొరబడే డాక్టరు కథకు పనికొస్తాడు గాని, ఆ పొరపాటును పట్టుకునే మనిషి కూడా కథలో ఉండాలి. గొంతు నులిమిన ఆనవాళ్లను, అంటే మెడ కండరాలలో కమిలిన రక్తాన్నీ, కొన్నిసార్లు విరిగే కంఠాస్థినీ, ఒక రాత్రి ఉప్పునీరు చెరిపేయలేదు. మునిగి చనిపోయాడని నమ్మించాలన్న హంతకుడి పథకం శవపరీక్ష గది దాటదు.

నా సలహా అడిగితే, ఆ పడవను కథలోంచి తీసేయండి. శవాన్ని నీటి అంచునే వదిలించండి. కథ నడిపే పని ఆటుపోట్లకు అప్పగించండి. చాలా తీరాలలో ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. రాత్రి 9 గంటలకు నిండు పోటును చూసిన మనిషి, వారం గడిచాక అదే వేళకు వస్తే, సముద్రం ఇంచుమించు పూర్తిగా పాటు మీద, అంటే నీరు బాగా తగ్గి ఉంటుంది. ఇక నీరు వెనక్కి లాగుతుందనే ధీమాతో అతడు శవాన్ని అంచున వదిలి వెళతాడు. ఆ నీరే మెల్లగా పెరిగి, తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో శవాన్ని నాచు, గుల్లలు పేరుకునే పైగీత దగ్గర పెట్టి వెనుదిరుగుతుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. వేటకు వెళ్లే జాలరి ఈ లెక్క తప్పడు. తప్పేది ఊరికి కొత్తవాడే. కాబట్టి పర్యాటకుడు హంతకుడు కావచ్చు; కాకపోతే డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ అలాంటి కథల కోసం 1929లో చెప్పిన పది నియమాలలో మొదటిదాన్ని మాత్రం దాటకండి: నేరస్థుడు కథ తొలిభాగంలోనే పాఠకునికి కనిపించాలి. చివరి అధ్యాయంలో లాడ్జి రిజిస్టరులోంచి ఊడిపడే అపరిచితుణ్ణి ఏ పాఠకుడూ క్షమించడు. అతణ్ణి మొదటి అధ్యాయాలలోనే నలుగురితో కలిపి నిలబెట్టి, రాత్రి భోజనం వేళ కిటికీలోంచి పోటును చూసి ముచ్చటపడినట్టు ఒక్క వాక్యం రాయండి. దర్యాప్తు అధికారి దృష్టి మొదట ఊరివాళ్ల పాత కక్షల మీదికి వెళ్లడం సహజం కనుక, ఆ వాక్యాన్ని పాఠకుడు చాలాసేపు పట్టించుకోడు. నవలలో తేదీలు వేస్తే మాత్రం అమావాస్య, పౌర్ణమి ఎప్పుడు పడుతున్నాయో పంచాంగంలో చూసుకోండి. ఆ రోజులలో పోటు బలంగా ఉంటుంది, శవం ఒడ్డు మీద ఇంకా పైదాకా చేరుతుంది.